తొట్లకొండ మీద అమ్మకి నచ్చింది

"సులువైన నడకే అమ్మా, నీ మోకాళ్లకేం కాదు" అని నమ్మబలికి కార్తీకం ఆదివారం అమ్మని, విశాఖ దగ్గర పాతకాలపు బౌద్ధ విహారం శిథిలాలున్న తొట్లకొండకి బయల్దేరదీశాను. 900కె బస్సులో మంగమారిపేట దాకా హాయిగానే వచ్చాం. దిగగానే ఆటో అతను పైకి మూడొందలన్నాడు. విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ఇద్దరి బస్సు టిక్కెట్లూ కలిపినా అందులో సగం కాలేదు! ఒళ్లు మండి, నడుద్దాం పద అన్నాను.

తారు రోడ్డే. చెట్ల నీడ ఓ మలుపులో ఉంటుంది, ఓ మలుపులో ఉండదు. "ఇంకొక్క మలుపే" అని నాలుగోసారి అన్నాక అమ్మ నాతో మాట్లాడడం మానేసింది. పుల్లల మోపుతో దిగుతున్న ముసలమ్మ ఆగి, "ఏటమ్మా, రాళ్లు సూడ్డానికి ఇంత దూరం వొచ్చినారా?" అంది. "నానేటి సేత్తాను, ఈడే లాక్కొచ్చినాడు" అంది అమ్మ. పలాస యాస అది. పాతికేళ్లుగా ఎంవీపీ కాలనీలో దాచిపెట్టింది, అలా బయటపడిపోయింది.

పైన నాకు మహాస్తూపం మీదే ధ్యాస. 2019 అక్టోబరు వానలకి అందులో కొంత కూలిందని చదివినప్పట్నుంచీ ఓసారి చూడాలని ఉండేది. నేవీ వాళ్లు విమానంలోంచి సర్వే చేస్తుంటే ఈ చోటు బయటపడిందనీ, 1988 నుంచి 93 దాకా తవ్వితే శాతవాహనుల సీసం నాణేలూ, రోమన్ల వెండి నాణేలూ దొరికాయనీ చెప్పుకుపోతున్నా. వెనక్కి తిరిగితే అమ్మ లేదు.

బండలో తొలిచిన తొట్టి అంచున కూర్చుని ఉంది. వాననీళ్లు పచ్చగా నిలిచి ఉన్నాయి. కొండకి ఆ పేరు ఈ తొట్ల వల్లే వచ్చింది.

"కొండ మీద నుయ్యి పడదు కదరా. వానాకాలం నీళ్లే ఏడాదంతా దాచుకున్నారు. బిందె మోసినవాడెవడో చెప్పి తొలిపించుంటాడు."

వాళ్ల ఊళ్లో ఎండాకాలం ఊరబావి అడుగంటితే ఇంటికి రెండు బిందెలే వంతట. నడుముకి తాడు కట్టి అమ్మనే దింపేవారట, బక్కగా ఉంటుందని. అడుగున చెంబుతో తోడి పైకి అందించేదట. ఇన్నేళ్లలో ఈ మాట నాకు చెప్పనేలేదు. పక్కన పిక్నిక్ బ్యాచ్ స్పీకర్ మోగిస్తుంటే సగం వినపడలేదు కూడా.

"దాహంగా ఉంది, సీసా ఇటియ్యి."

సీసా రెండో మలుపులోనే ఖాళీ అయింది. కిందకి దిగాక ఇరవై రూపాయల బాటిల్‌కి కొట్టువాడు ముప్ఫై తీసుకున్నాడు. అదేమంటే, కూలింగ్ ఛార్జీ అట.