క్రూజ్ కంట్రోల్ మరమ్మతు, ఆరో వారం: దొంగ డిక్కీలో దొరికాడు

నిన్న తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు మీద ఘట్‌కేసర్ దగ్గర ఎక్కి శంషాబాద్‌లో దిగేదాకా నా కారు క్రూజ్ కంట్రోల్ (యాక్సిలరేటరు మీద కాలు లేకుండానే వేగాన్ని నిలిపే ఏర్పాటు) ఒక్కసారి కూడా తప్పుకోలేదు. ఇంకా చీకటిగానే ఉంది, లైట్లన్నీ వెలుగుతున్నాయి, ముల్లు 90 దగ్గర మేకు కొట్టినట్టు నిలిచింది. సరిగ్గా ఇదే దారిలో, ఇదే వేళకు ఆరు వారాలుగా ప్రతిసారీ భంగపడి వస్తున్న నాకు ఇది పండగే.

వానాకాలంలో ఎలుకలు వెనక బంపరు చాటున ఉండే, లోపలి గాలిని బయటికి వదిలే గాలి రెక్కల గుండా డిక్కీలోకి దూరి, ఎడమ టెయిల్ ల్యాంపు వెనక 14 వైర్లు కొరికేశాయి. మా పేటలోని ఎలక్ట్రీషియన్ ఒక్క పూటలో అన్నీ అతికి ఇచ్చాడు. రివర్స్ కెమెరా, డిక్కీ లాకు, ఇండికేటర్లు మళ్లీ పనిచేశాయి. అదే ఊపులో నేను వెనక రెండు వైపులా పీ21/5డబ్ల్యూ (టెయిల్, స్టాప్ ఫిలమెంట్లు రెండూ ఒకే బల్బులో ఉండే రకం) బల్బులు తీసి ఎల్ఈడీలు వేశాను. ఆ చవక జతలో ఎడమది పది రోజులకే పోతే, పాత ఫిలమెంటు బల్బునే మళ్లీ అక్కడ పెట్టి, కుడి వైపు ఎల్ఈడీని అలాగే వదిలేశాను. ఆ బద్ధకం ఖరీదు తర్వాత తెలిసింది.

జబ్బు లక్షణం విచిత్రంగా ఉండేది. వారానికి మూడు రోజులు ఉదయం 6.15కు బయలుదేరుతాను. క్రూజ్ గుర్తు వెలుగుతుంది, సెట్ నొక్కితే వేగాన్ని పట్టుకుంటుంది, అర కిలోమీటరు తిరక్కుండానే వదిలేస్తుంది. ఒక్కోసారి వంతెన అతుకు మీద బండి కుదిలినప్పుడు వదులుతుంది, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానే వదులుతుంది. తొలి పాతిక నిమిషాలు ఇదే వరస. ఆ తర్వాత, అంటే తుక్కుగూడ దరిదాపుల్లోకి వచ్చాక, బుద్ధిగా పనిచేస్తుంది. మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో అసలు ఇబ్బందే లేదు. దీన్ని బట్టి నేను కట్టుకున్న సిద్ధాంతం ఏమిటంటే, బండి చల్లగా ఉన్నప్పుడే లోపం బయటపడుతోందని. వైర్లు కలిసే కప్లర్లలో మంచు తేమ చేరుతోందేమో, క్లచ్ పెడల్ స్విచ్‌లో గ్రీజు గడ్డకట్టిందేమో, స్టీరింగ్ వెనక చుట్టగా ఉండే రిబ్బన్ కేబుల్ చలికి బిగుసుకుని ఎక్కడో విడిపోతోందేమో అని మూడు వారాలు వాటి చుట్టూనే తిరిగాను.

స్టీరింగ్ మీటల సంగతి ఒక ఆదివారంలో తేలిపోయింది. ఈ మీటలన్నీ ఒకే వైరు మీద ఒక్కో మీటకు ఒక్కో నిరోధంతో ఉంటాయి కాబట్టి, సెట్ నొక్కి పట్టుకుని స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ మీటరు చూశాను. 390 ఓముల దగ్గర అంకె కదల్లేదు. క్లచ్ స్విచ్ కూడా నిర్దోషి.

తర్వాత స్కానర్‌లో పీ0504 అనే లోపం కోడ్ కనిపించింది. బ్రేకు స్విచ్‌లోని రెండు సర్క్యూట్లు ఒకే మాట చెప్పడం లేదని దాని అర్థం. పెడల్ వదిలి ఉన్నప్పుడు స్టాప్ లైటు లైను 0 వోల్టుల దగ్గరా, రెండోది బ్యాటరీ వోల్టేజి దగ్గరా ఉండాలి. నొక్కితే రెండూ తారుమారు కావాలి. ఇంజను కంప్యూటర్ అయిన ఈసీయూకి వీటిలో ఒక్కదాని మీద అనుమానం వచ్చినా క్రూజ్‌ను ముందు వదిలేస్తుంది, అది మన ప్రాణరక్షణకే. ఇంజను నడుస్తుండగా కొలిస్తే పెడల్ వదిలినప్పుడు 0.00, 14.1, నొక్కినప్పుడు 14.0, 0.00 వచ్చాయి. ఇంతకన్నా శుభ్రమైన అంకెలు ఉండవు. అయినా కోడ్ చెప్పింది గదా అని స్విచ్ మార్చాను, దాని ముక్కుకూ పెడల్‌కూ మధ్య సందు సరిచేశాను. మరుసటి ఉదయం మళ్లీ అదే కథ. ఫోనుకు కలిపి వాడే ఈ ఈఎల్ఎం 327 నకలు స్కానర్లను నమ్ముకున్నవారికి ఒక మాట చెప్పాలి. కోడ్లు చదవడానికి అవి చాలు గాని, నాలుగైదు విలువలను ఒకేసారి గమనించమంటే సెకనుకు ఒకటో రెండో అంకెలు ఇస్తాయి, ఆ మధ్యలో జరిగే కొంటెతనం వాటి కంట పడదు. నా ఫోనులో ఆ నలభై నిమిషాల ప్రయాణమంతా బ్రేకు ‘నొక్కలేదు’ అనే కనిపించింది.

మలుపు నా తెలివితో రాలేదు. పోయిన శనివారం రాత్రి బొంగుళూరు దగ్గర ఒక పెళ్లి చూసుకుని రెండు కార్లలో తిరిగి వస్తున్నాం, మా బావమరిది నా వెనకే వస్తున్నాడు. రింగ్ రోడ్డు దిగాక టీ బండి దగ్గర ఆగితే వాడు గ్లాసు అందుకుంటూ, ‘‘బావా, బ్రేకు మీద కాలు ఆనించే నడుపుతున్నావా ఏంది? పైన అద్దంలో లైటు గుడ్డిగా వెలుగుతూ ఆరుతూ ఉంది. ఎడమ లైటేమో అప్పుడప్పుడు మొత్తానికే పోతోంది’’ అన్నాడు. నా కాలు పెడల్ దగ్గర లేనే లేదు. అప్పుడు వెలిగింది నా బుర్ర. ఉదయం పూట లోపం మాయమయ్యేది బండి వేడెక్కినందుకు కాదు, తెల్లారిందని నేను లైట్లు ఆర్పేసినందుకు. ఆదివారం పరీక్షలన్నీ పట్టపగలు, లైట్లు వేయకుండా చేసినవే.

ఆ రాత్రే సెల్లార్‌లో మీటరు పట్టుకుని కూర్చున్నాను. స్టాప్ లైటు లైనుకు ఒక ప్రోబు, బాడీకి ఒక ప్రోబు. లైట్లు ఆర్పి ఉంటే 0.00. పార్కింగ్ లైట్లు వేస్తే 0.13. అంకె చిన్నదే, కాని అక్కడ ఉండకూడని అంకె. డిక్కీ ఎడమ పక్క రేకు మీద పిడికిలితో ఒక్కటి వేశాను. 8.3 వోల్టులకు ఎగిరి మళ్లీ కిందికి వచ్చింది. మరొకటి వేస్తే 7.9. ఆ క్షణంలో ఎడమ టెయిల్ ల్యాంపు ఆరిపోయి, వెనక అద్దంలోని స్టాప్ లైటు నిప్పురవ్వలా మినుకుమంది. బ్రేకు ఎవరూ నొక్కకుండానే బ్రేకు లైనులోకి కరెంటు వస్తోంది.

దారి ఇలా ఉంది. ఎడమ బల్బులో 5 వాట్ల టెయిల్ ఫిలమెంటు, 21 వాట్ల స్టాప్ ఫిలమెంటు రెండూ ఒకే ఎర్త్‌ను (కరెంటును బండి బాడీకి చేర్చే వైరును) పంచుకుంటాయి. ఆ ఎర్త్ తెగిన క్షణంలో టెయిల్ ఫిలమెంటు గుండా వచ్చిన కరెంటుకు బాడీకి పోయే తోవ లేక, స్టాప్ ఫిలమెంటు గుండా వెనక్కి నడిచి స్టాప్ లైటు లైనులో చేరుతుంది. పాత రోజుల్లో కుడి వైపు కూడా ఫిలమెంటు బల్బే ఉండేది కనుక ఇది ఎవరికీ తెలిసేది కాదు. చల్లగా ఉన్న 21 వాట్ల ఫిలమెంటును కొలిస్తే ప్రోబుల నిరోధం పోను 0.6 ఓములే, అంటే వచ్చిన కరెంటును దాదాపు నేరుగా ఎర్త్‌కు దించేస్తుంది. రుజువు కోసం కుడి ఎల్ఈడీ తీసి ఫిలమెంటు బల్బు పెట్టి మళ్లీ గుద్దాను. ఎంత గుద్దినా 0.28 దాటలేదు. ఎల్ఈడీ తిరిగి పెడితే మళ్లీ 8.3. కుడి వైపు ఎల్ఈడీకి, అద్దంలోని ఫ్యాక్టరీ ఎల్ఈడీకి ఏడెనిమిది వోల్టులు వచ్చేదాకా కరెంటు లాగే అలవాటు లేదు కాబట్టి లైను అంత ఎత్తులో తేలుతూ ఉంటుంది. ఈసీయూ ఎన్ని వోల్టుల దగ్గర బ్రేకు నొక్కారని తీర్పు చెబుతుందో గాని, 8 దగ్గర మాత్రం ఖాయంగా చెబుతోంది.

అక్కడికక్కడే కుడి బల్బు మార్చేసి చేతులు దులుపుకుంటే క్రూజ్ పనిచేసేదే. కాని ఎడమ ఎర్త్ పుండు లోపల అలాగే ఉండేది కనుక ఆశ చంపుకుని డిక్కీ లైనింగు విప్పాను. ఓమ్ మీటరుతో కొలిస్తే ఆ ఎర్త్ 0.3 ఓములు చూపించి ‘నేను బాగానే ఉన్నాను’ అంది. మీటరు పంపేది చిటికెడు కరెంటు కాబట్టి ఒక్క పోగు తగిలినా చాలు. అదే టెయిల్, స్టాప్, ఇండికేటరు మూడూ వెలిగించి, దాదాపు 4 ఆంపియర్లు పారుతుండగా ల్యాంపు ఎర్త్ పిన్నుకూ బాడీకీ మధ్య కొలిస్తే 1.1 వోల్టు పోతోంది. కుడి వైపు అదే కొలత 0.04. ఎర్త్‌ను అనుమానిస్తే ఓములు చూడవద్దు, భారం పెట్టి వోల్టులు చూడండి. ఈ ఒక్క పని మొదటి వారంలో చేసి ఉంటే కొత్త బ్రేకు స్విచ్ డబ్బులు మిగిలేవి.

అతుకు చక్రం పైన గుంటలో, చేయి దూరని మూల ఉంది. నల్ల టేపు విప్పుతుంటే జిగురు కరిగి వేళ్లకు తారులా అంటుకుంది. లోపల పాత ఎర్త్ వైరుకు అంతకన్నా సన్నని వైరును మెలిపెట్టి, సోల్డరు గాని స్లీవ్ గాని లేకుండా చుట్టేశారు. సన్న వైరు పోగుల్లో మూడే పాత రాగిని తాకుతున్నాయి, మిగతావి మెలిక బయటే విడివిడిగా విచ్చుకుని నల్లబడ్డాయి. లైనింగు బిగించినప్పుడు అతుకు రేకుకు ఆని ఉండడం వల్ల బండి కుదిలినప్పుడల్లా అది లాగబడేది. ఎలక్ట్రీషియన్ను పూర్తిగా తప్పుపట్టలేను, 14 వైర్లు ఒక్క పూటలో అతకమని తొందరపెట్టింది నేనే. నల్లబడ్డ రాగిని కత్తిరించి, పాత వైరు మందానికి సరిపోయే వైరు వేసి, రాగి స్లీవ్‌తో క్రింప్ చేసి (నొక్కి బిగించి), జిగురున్న ష్రింక్ గొట్టం వేడిచేసి, పైన టెసా గుడ్డ టేపు చుట్టాను. డిక్కీ లోపల మామూలు పీవీసీ టేపు వాడకండి, మన ఎండలకు అది రెండు వేసవులు ఆగదు. సోల్డరింగా క్రింపింగా అన్న తగవులో, కుదుపు తగిలే చోట నా ఓటు క్రింపింగ్‌కే. ఇప్పుడు మూడూ వెలిగించినా 0.03 వోల్టే పోతోంది, రేకును ఎంత గుద్దినా స్టాప్ లైను 0.00 దగ్గరే ఉంటోంది.

కుడి ఎల్ఈడీ డబ్బాలోకి పోయింది. రెండు వైపులా ఓస్రామ్ ఫిలమెంటు బల్బులే వేశాను. వెనక లైట్లలో ఎల్ఈడీ వేసి, దానికి తోడు వేడెక్కే రెసిస్టరును ప్లాస్టిక్ పక్కన కట్టే పద్ధతి నాకు మొదటి నుంచీ నచ్చదు.

ఇక మిగిలినవి 13 అతుకులు. వచ్చే రెండు ఆదివారాల్లో వాటన్నిటినీ విప్పి ఇదే పద్ధతిలో మారుస్తాను, ముందు రివర్స్ లైటువి, తర్వాత డిక్కీ లాకువి. ఆ తర్వాత విజయవాడ దాకా రాత్రి ప్రయాణం ఒకటి పెట్టుకుని, చౌటుప్పల్ దాటాక క్రూజ్ ఎంతసేపు నిలుస్తుందో చూడాలి. దానికన్నా ముందు బంపరు విప్పి గాలి రెక్కలకు స్టీలు జాలీ బిగించాలి. జాలీ కొనుక్కొచ్చాను, రెక్కలు తెరుచుకోవడానికి అడ్డం రాకుండా రెండు వేళ్ల ఎడం వదిలి అట్ట మీద కొలత గీశాను. నాఫ్తలీన్ ఉండలు, పొగాకు కాడలు రెండూ వేసి చూశాను, మా సెల్లార్ ఎలుకలు వాటిని పట్టించుకోలేదు. నిన్న స్టెప్నీ తీస్తే దాని గుంటలో తాజా పెంటికలు రెండు కనిపించాయి కాబట్టి, జాలీ పని ఈ శనివారమే.