వెనక వరసకి కనబడాలి

రేపు గుంటూరులో మిర్చి రైతుల ముందు 20 నిమిషాల ప్రజెంటేషన్. విషయం, కల్లంలో కాయ ఆరబెట్టడం. సాయంత్రమంతా స్లైడ్లకే సరిపోయింది.

తెలుగు స్లైడుకి పెద్ద చిక్కు ఫాంటే. అను అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టింది యూనికోడ్ (ఏ కంప్యూటరైనా గుర్తించే అక్షరాల పద్ధతి) కాదు కనుక, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. గౌతమి, నిర్మలా లాంటి యూనికోడ్ ఫాంట్లలో కొట్టి, పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ కాపీ కూడా పెట్టుకోవాలి. పీడీఎఫ్‌లో యానిమేషన్లు పోతాయి. పోనీ, వాటితో పనేముంది! అక్షరం సైజు 32కి తగ్గకూడదు. వరసల మధ్య ఎడం 1.3 అయినా ఉండాలి, లేదంటే పై వరస వత్తులు కింది వరస గుడులకు తగులుకుంటాయి. హాల్లో వెలుతురు ఉంటుంది కాబట్టి తెల్ల నేల మీద నల్లక్షరాలే నయం. నీలం మీద ఎరుపు అసలే వద్దు.

ఎనిమిది గళ్ల పట్టిక చూపిస్తే జనం చదవడంలో పడి వినడం మానేస్తారు. స్లైడుకి ఒక్క అంకె చాలు: కాయలో తేమ 11 శాతం దాటకూడదు. పక్కన బూజు పట్టిన కాయ ఫొటో. అంతకన్నా మేలైన పని, ఆరిన కాయా ఆరని కాయా వరసల్లోకి పంపి, ఊపి గింజల చప్పుడు వినమనడం. అవి చేతులు మారేంతసేపూ మనం నోరు మూసుకోవాలి. తెర మీద బొమ్మ కూడా అక్కర్లేదు, పవర్‌పాయింట్‌లో బీ మీట నొక్కితే నల్లబడుతుంది.

20 నిమిషాలిస్తే 15కే సరుకు సిద్ధం చేసుకోవాలి. మనసులో చదువుకుంటే త్వరగా అయిపోయినట్టే ఉంటుంది. నిలబడి పైకి చెప్పి గడియారం చూస్తేనే అసలు లెక్క తెలుస్తుంది.

వేదిక మీది పెద్దలందరికీ పేరుపేరునా నమస్కారాలతో మొదలుపెడితే వినేవాళ్ల ఓపిక అక్కడే సగం ఖర్చవుతుంది. అందరికీ కలిపి ఒక్క దణ్ణం పెట్టి, "ఈ ఏడు మీ టిక్కీల్లో తాలు ఎంత తేలిందండీ?" అని అడిగితే సరి (టిక్కీ అంటే మిర్చి బస్తా, తాలు అంటే రంగు పోయిన నాసి కాయ). ఈ మొదటి రెండు నిమిషాలకీ స్లైడు అవసరం లేకుండా చూసుకోవాలి. కరెంటు పోయి వస్తే ల్యాంపు ప్రొజెక్టరు వెంటనే వెలగదు.

హాలుకి అరగంట ముందే చేరాలి. పాత ప్రొజెక్టరైతే పాతకాలం వీజీఏ తీగే ఉంటుంది, దాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపే కన్వర్టర్ సంచిలో ఉండాలి. తెర దగ్గరి లైట్లు మాత్రం ఆర్పించాలి. మైకుతో స్పీకర్ల ముందుకి వెళితే కూత పెడుతుంది. ప్రశ్న అడిగేవాళ్ల దగ్గర మైకు ఉండదు, ఫ్యాన్ల హోరులో వెనకవాళ్లకి వినపడదు. ప్రశ్నని మైకులో ఒకసారి తిరిగి చెప్పాకే జవాబు.