విమానం లేటు కన్నా కబురు లేటే కష్టం

నిన్న రాత్రంతా ఎయిర్‌పోర్టులోనే గడిచింది. విమానం ఆగినందుకు నాకు కోపం లేదు. వాతావరణం బాగాలేకపోతే ఆగాల్సిందే. పొద్దున ఒక విమానం లేటయితే ఆ రోజు అది తిరగాల్సిన మిగతా ట్రిప్పులూ లేటవుతాయి. డ్యూటీ గంటలు అయిపోయిన పైలట్లు నడపకూడదు, అది మన ప్రాణాల కోసం పెట్టిన నియమమే. బాధ వేరే ఉంది. బోర్డు మీద టైము అరగంట, అరగంట చొప్పున జరుగుతూ పోయి, చివరికి రద్దు అని పడింది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ మందులు లగేజీలో వేసేశారట. సంగతి ముందే చెబితే ఆవిడకి అంత టెన్షన్ ఉండేది కాదు. కౌంటర్‌లో అమ్మాయి మాత్రం అందరికీ ఓపిగ్గా బదులిస్తూనే ఉంది. కొందరు ప్రయాణికులు ఆమె మీద అరుస్తుంటే మనసు చివుక్కుమంది.

కనెక్టింగ్ ఫ్లైట్లు వీలైనంతవరకు ఒకే టికెట్ మీద కొనండి. మొదటిది లేటై రెండోది తప్పిపోతే, వేరే దారిలో చేర్చే బాధ్యత మామూలుగా ఎయిర్‌లైన్స్ మీదే ఉంటుంది. విడివిడిగా కొంటే ఆ భరోసా ఉండదు. అంతర్జాతీయ ప్రయాణమైతే, విమాన ప్రయాణాల్లో జరిగే నష్టాల గురించి దేశాలు చేసుకున్న 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ఉంది. ఆలస్యాన్ని ఆపడానికి చేయగలిగినదంతా చేశామని ఎయిర్‌లైన్స్ చూపలేకపోతే, మనకు జరిగిన నష్టం అడగొచ్చు. అందుకే బోర్డింగ్ పాసూ, ఖర్చుల రసీదులూ పారేయకండి.