సిమ్‌లో బ్యాలెన్స్ ఉంది మహాప్రభో!

నాకు మూడు బ్యాంకుల్లో ఖాతాలున్నాయి. చివరికి రెండింటి యాపులు దారికొచ్చాయి, మూడోది రాలేదు, రాదు కూడా. ఫోన్ గూగుల్ పిక్సెల్ 7ఏ, అందులో గూగుల్ ఇచ్చిన ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) తీసేసి, భద్రత కోసం ఆండ్రాయిడ్ మీదే కట్టిన గ్రాఫీన్‌ఓఎస్ వేశాను.

ఓఎస్ ఎక్కించడం తేలికే. క్రోమ్‌లో వాళ్ల వెబ్ ఇన్‌స్టాలర్, ఒక మంచి కేబుల్, అంతే. చివర్లో బూట్‌లోడర్‌ని (ఫోన్ ఆన్ కాగానే ఓఎస్‌ని లోడ్ చేసే ప్రోగ్రామ్) మళ్లీ లాక్ చేయాలి. లీనియేజ్ అనే ఇంకో ఓఎస్ వేసినవాళ్లు ఈ మాట పట్టుకుని లాక్ చేసేయకండి, చాలా ఫోన్లు ఇక లేవవు.

గూగుల్ ప్లే కూడా గ్రాఫీన్ వాళ్ల యాప్ స్టోర్ నుంచే వేసుకోవాలి. బ్యాంకు యాపులు మాత్రం ప్లే స్టోర్ నుంచే. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఏపీకే (యాప్ ఫైల్) జోలికి పోవద్దు.

మొదటి యాప్ కిక్కురుమనకుండా తెరుచుకుంది. రెండోది తెరవగానే మూసుకుపోయింది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేజీకి వెళ్లి ‘ఎక్స్‌ప్లాయిట్ ప్రొటెక్షన్ కంపాటిబిలిటీ మోడ్’ (ఆ ఒక్క యాప్‌కి గ్రాఫీన్ అదనపు కట్టడి సడలించే బటన్) ఆన్ చేస్తే నిలబడింది. నిలబడి, ‘మీ ఫోన్ సురక్షితం కాదు’ అంది. ఓఎస్ ఎక్కించేటప్పుడు తెరిచిన డెవలపర్ ఆప్షన్స్ (యాపులు తయారుచేసేవాళ్ల కోసం దాచి ఉంచే సెట్టింగ్స్) అలాగే ఉండిపోయాయి. ముందు అందులోని ఓఈఎం అన్‌లాకింగ్ (బూట్‌లోడర్‌ని తెరవనిచ్చే బటన్), తర్వాత మొత్తం డెవలపర్ ఆప్షన్స్ ఆఫ్ చేస్తే ఆ గొణుగుడు ఆగింది.

అసలు నరకం ఆ తర్వాత. నంబరు మనదేనని తేల్చుకోవడానికి యాప్ తనే ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది. అది పోదు. ‘సిమ్‌లో బ్యాలెన్స్ చూసుకోండి’ అంటుంది. బ్యాలెన్స్ ఉంది. వీపీఎన్ ఆపాను, ఎస్సెమ్మెస్, ఫోన్ పర్మిషన్లు ఇచ్చాను. ఊహూఁ.

బ్రాడీపేటలోని బ్రాంచీకి వెళ్తే కౌంటర్లో ఆయన ‘ఒకసారి రీస్టార్ట్ చెయ్యి బాబూ’ అన్నాడు. చేశాను. పసుపు రంగు హెచ్చరిక వచ్చింది: వేరే ఆపరేటింగ్ సిస్టమ్ లోడవుతోందని. ఆయన ఫోన్ పైకెత్తి పక్క కౌంటర్‌కి చూపించి ‘వైరస్ అండీ, చూశారా’ అన్నాడు. క్యూలో ఉన్నవాళ్లంతా నన్ను సైబర్ నేరగాణ్ని చూసినట్టు చూశారు. పసుపంటే బూట్‌లోడర్ లాకయ్యే ఉంది, తాళం మాత్రం గూగుల్‌ది కాదని అర్థం. తెరిచి ఉంటే నారింజ రంగొస్తుంది. ఎవరికి చెప్పను?

కిటుకు వేరే ఉంది. బ్యాంకు యాపులు విడిగా ఉండాలని వాటికోసం ఇంకో యూజర్ ప్రొఫైల్ పెట్టాను. ఆండ్రాయిడ్‌లో రెండో యూజర్‌కి కాల్స్, ఎస్సెమ్మెస్ ముందునుంచీ ఆపేసి ఉంటాయి. ఓనర్ ప్రొఫైల్‌లోకి వచ్చి సెట్టింగ్స్, సిస్టమ్, యూజర్స్‌లో ఆ పేరు నొక్కి ఫోన్ కాల్స్, ఎస్సెమ్మెస్ అనుమతి ఆన్ చేస్తే పది సెకన్లలో మెసేజ్ వెళ్లింది. నాలుగు రోజులు పోయింది ఈ ఒక్క బటన్‌కి!

మూడో యాప్ ప్లే ఇంటిగ్రిటీలో (ఫోన్ నమ్మదగిందో కాదో యాపులకి గూగుల్ చెప్పే పరీక్ష) ‘డివైస్’ ముద్ర అడుగుతుంది. గ్రాఫీన్‌కి ‘బేసిక్’ వరకే వస్తుంది. అప్‌డేట్లు ఆగి మూడేళ్లయిన పాత ఫోన్‌కి ఆ ముద్ర పడుతుంది, ఈ నెల ప్యాచ్ ఉన్న దీనికి పడదు. బ్యాంకు చూసేది భద్రతని కాదు, గూగుల్ సంతకాన్ని. కొందరు రూట్ చేసి (ఫోన్ మీద పూర్తి అధికారం తీసుకుని), లీకైన కీబాక్స్‌తో (ఇంకో ఫోన్ అసలైనదని గూగుల్‌కి రుజువు చేసే రహస్య కీలు) ఆ యాప్‌ని మాయ చేయమంటారు. గూగుల్ ఆ కీ రద్దు చేసిన రోజున యాప్ ఆగిపోయి, పెట్రోల్ బంకు దగ్గర నిలబడి దిక్కులు చూడాల్సిందే.

నేను చేసింది ఇదీ: మూడో బ్యాంకు నెట్ బ్యాంకింగ్ బ్రౌజర్‌లో వాడుతున్నాను, ఓటీపీ మామూలుగానే వస్తుంది. ఆ ఖాతాని రెండో బ్యాంకు యాప్‌లో యూపీఐకి కలిపాను. రెండు ఖాతాలకీ ఒకే నంబరు కాబట్టి కుదిరింది. పిన్ పెట్టడానికి డెబిట్ కార్డు చివరి 6 అంకెలు, గడువు తేదీ చేతిలో ఉంచుకోండి. మొదటి 24 గంటలు 5,000 దాటి పోనివ్వలేదు, కాబట్టి అద్దె కట్టే రోజు ఈ పని పెట్టుకోవద్దు. కొత్త ఫోన్‌లో నమోదవగానే పాత ఫోన్‌లో ఆ యాప్ లాగౌట్ అవుతుంది. అయినా ఒక నెల దాకా పాతది అమ్మకండి.