ధర కిందికి దిగే వేలం పాట

ఎంబీఏ రెండో ఏడాదిలో కాలేజీ తరఫున స్టడీ టూర్‌కి నెదర్లాండ్స్ వెళ్లాం. రోటర్‌డామ్ పోర్టు, ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలు, కంపెనీల్లో ప్రెజెంటేషన్లు అన్నీ చూశాం, విన్నాం. కానీ ఆ టూరు గురించి ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఆల్స్‌మేర్ పూల వేలం గురించే.

ఆల్స్‌మేర్ స్కిపోల్ విమానాశ్రయం పక్కనే ఉంటుంది. పొద్దున్నే వెళ్లకపోతే చూడటానికి ఏమీ మిగలదని చెప్పడంతో చీకటితోనే బస్సెక్కాం. సందర్శకుల కోసం పైన కట్టిన నడవ మీద నిలబడి చూస్తే కనుచూపు మేరా పూల ట్రాలీలే. చిన్న ఎలక్ట్రిక్ బండ్లు ట్రాలీలను వరసగా తగిలించుకుని, ఒకదానికొకటి తగలకుండా మలుపులు తిరుగుతున్నాయి. నా కిందుగా వెళ్లిన ఒక ట్రాలీ నిండా నారింజ రంగు జెర్బెరాలు. అంత హడావిడిలోనూ ఒక్క రేకు నలగలేదు.

మనకు తెలిసిన వేలం పాటలో ధర పైకి ఎగబాకుతుంది. ఇక్కడ అంతా తిరగేసి ఉంటుంది. గడియారం ఎక్కువ ధర దగ్గర మొదలై గబగబా కిందికి దిగుతుంది. ఎవరు ముందు బటన్ నొక్కితే సరుకు వాళ్లది. రెండో మాట లేదు, బేరం లేదు. కొన్ని సెకన్లలో ఒక లాటు అయిపోతుంది. ఇప్పుడు కొనేవాళ్లు ఎక్కువగా తమ ఆఫీసుల్లోనే కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నారట. హాల్లో మెట్లమెట్లుగా ఉన్న కుర్చీలు చాలావరకు ఖాళీగానే ఉన్నాయి. వాటిని చూస్తే కాస్త దిగులేసింది.

ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో మర్నాడు చూశాం. ఉత్తరాన బ్రూక్ ఆప్ లాంగెడైక్ అనే ఊళ్లో 1887లో కాలీఫ్లవర్‌ను ఇలా ధర దించుకుంటూ అమ్మారు. పొలాలన్నీ నీళ్ల మధ్య లంకలు కావడంతో రైతులు పడవల్లోనే సరుకు తెచ్చేవాళ్లు, పడవ నేరుగా వేలం హాలులోకే వచ్చేది. అదిప్పుడు మ్యూజియం. వచ్చినవాళ్లనూ బటన్ నొక్కనిస్తారు. బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చున్నప్పుడు వచ్చే టెన్షన్ ఏ కేస్ స్టడీలోనూ రాదు. ఇంకాస్త దిగనీ అనుకునేలోపే వెనక బెంచీలో కూర్చున్న పెద్దాయన నొక్కేశారు, యాపిల్స్ ఆయనకి వెళ్లిపోయాయి. ఇలా ధర దిగే డచ్ వేలమైనా, సీల్డ్ కవర్‌లో టెండర్ వేయడమైనా లెక్క ఒకటేనని ఆర్థికవేత్త విలియం విక్రీ 1961లో చూపించాడని క్లాసులో చదివాం. అవతలివాడి మనసులో ఏముందో తెలియకుండా నీ ధర నువ్వే తేల్చుకోవాలి. ఆ బెంచీ మీద కూర్చున్నాకే అది నాకు పూర్తిగా ఎక్కింది.

నన్ను ఇంకా గట్టిగా పట్టుకున్న విషయం మరొకటుంది. ఆల్స్‌మేర్ పూల వేలం సంస్థ ఏ సేఠుదో, ప్రభుత్వానిదో కాదు, పూలు పండించేవాళ్ల సహకార సంఘం. ఆల్స్‌మేర్‌లో పక్కపక్కనే పోటీగా నడిచిన రెండు సంఘాలు 1968లో కలిసిపోయాయి. ఈ కలిసి నడిచే అలవాటు నీళ్ల నుంచే వచ్చిందని నాకనిపించింది. స్కిపోల్ విమానాశ్రయం ఉన్న నేల ఒకప్పుడు పెద్ద సరస్సు. ఆవిరి యంత్రాలతో నీళ్లు తోడి 1852 నాటికి దాన్ని ఆరబెట్టారు. ఇప్పటికీ అది సముద్రమట్టం కన్నా కిందే ఉంది. గట్టు తెగితే మునిగేది ఒక్క ఇల్లు కాదు, అందుకే గట్టు పని అందరి పని అయింది. గట్లను చూసుకునే అక్కడి నీటి బోర్డులు మధ్యయుగాల నాటివి, వాటికి ఈనాటికీ ఎన్నికలు జరుగుతాయి.

ఒక జెర్బెరా రైతు తన గ్లాస్‌హౌస్, అంటే గ్యాస్‌తో వెచ్చగా ఉంచే అద్దాల షెడ్డు, చూపించారు. మొక్కలు నేలలో లేవు, కుండీల్లో కొబ్బరి పీచు పొట్టులో ఉన్నాయి. అది ఇండియా, శ్రీలంకల నుంచే వస్తుందని ఆయన అన్నప్పుడు చేత్తో తీసి నలిపి చూశాను. సూపర్ మార్కెట్లకు నేరుగా అమ్మితే మీకు ఎక్కువ రాదా అని అడిగాను. "వస్తుంది, అమ్ముతున్నాను కూడా. కానీ ఈరోజు గడియారం ఎంత దగ్గర ఆగిందో తెలియకపోతే వాళ్లతో ఏ ధర మాట్లాడాలి?" అన్నారు. మాలో ఒకరు గ్లాస్‌హౌస్ చాలా పెద్దదని పొగిడితే "కాదు, చిన్నదే, గ్యాస్ ధర పెరిగినప్పుడు సగం మూసేద్దామనుకున్నాం" అని సూటిగా చెప్పేశారు. అక్కడివాళ్ల మాట తీరే అంత. మొదట మొరటుగా అనిపిస్తుంది కానీ, బిజినెస్‌లో ఎంత టైమ్ కలిసొస్తుందో!

ఆమ్‌స్టర్‌డామ్‌లో డచ్ ఈస్టిండియా కంపెనీ పాత భవనం ఇప్పుడు యూనివర్సిటీ చేతిలో ఉంది. 1602లో పుట్టిన ఆ కంపెనీ షేర్ల గురించి లెక్చర్ నడుస్తుంటే నా మనసు మచిలీపట్నం మీదికి పోయింది. అక్కడ వాళ్ల వర్తక కోఠీ ఉండేది. మన నేతగాళ్ల బట్ట ఆ తీరం నుంచే ఓడలెక్కింది. ఈ భవనంలో లాభం పంచుకున్న వాటాదారుల పేర్లు రికార్డుల్లో ఉంటాయి. ఆ నేతగాళ్ల పేర్లు ఎవరు రాశారు?

ఆల్స్‌మేర్ గులాబీల గురించి కూడా నాకు ఇదే ప్రశ్న మిగిలింది. వాటిలో చాలా భాగం కెన్యాలోని నైవాషా సరస్సు ఒడ్డు నుంచీ, ఇథియోపియా నుంచీ విమానాల్లో వస్తాయి. సహకార సంఘంలో అక్కడి తోటల యజమానులకూ సభ్యత్వం ఉంది. పూలు కోసే కూలీలకు లేదు. గడియారం ఎంత దగ్గర ఆగిందన్నది వాళ్ల కూలీలో ఎంతవరకు కనిపిస్తుంది? ప్రాజెక్ట్ రిపోర్ట్ దీని మీదే రాస్తానని మా గైడ్ మేడమ్‌తో చెప్పాను. డేటా దొరకడం కష్టమమ్మా, పోర్టు మీద రాసుకో అన్నారావిడ. కష్టమే. అయినా దీని మీదే రాస్తున్నాను.