నా 'గ'కి తలకట్టు ఎక్కువ

మొన్న మా చెల్లి కూతురు స్కూల్ ప్రాజెక్ట్ పట్టుకుని వచ్చింది, ఇంట్లో ఎవరెవరు ఏం పని చేస్తారో రాయాలట. "మావయ్యా, నువ్వు అసలు ఏటి చేస్తావు?" అంది. ఆర్టిస్ట్ అని రాసుకోమ్మా అన్నాను. "ఆర్టిస్ట్ అంటే ఏం ఆర్టిస్ట్?" అంది. అక్కడ దొరికిపోయాను. బోర్డులు రాశాను, ఫ్లెక్సులు చేశాను, పట్టుచీరలకి గ్రాఫులు గీశాను, ఠాకురాణి అమ్మవారి యాత్రకి మనుషుల ఒంటి మీద పులి చారలు వేస్తాను, ఇప్పుడేమో కంప్యూటర్ ముందు కూర్చుని అక్షరాలు గీసుకుంటున్నాను, ఏదీ పూర్తిగా వదల్లేదు ఏదీ పూర్తిగా పట్టుకోలేదు. అది కాసేపు చూసి "బిజినెస్" అని రాసుకుని ఎల్లిపోయింది. దానికి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా.

మాది ఒడిశాలో బరంపురం. ఇప్పుడు బ్రహ్మపుర్ అంటారు గానీ మా ఇంట్లో బరంపురమే. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, బజార్లో రెండూ కలిపి ఒకే వాక్యంలో. 1994లో టెన్త్ పోయాక మా అమ్మ నన్ను మా మావయ్య బోర్డుల కొట్లో కూర్చోబెట్టింది. మొదటి ఆరు నెలలు బ్రష్షు ముట్టుకోనివ్వలేదు. రేకుకి ఉప్పుకాగితం రుద్దడం, దారానికి సుద్దపొడి పట్టించి రెండు పక్కలా లాగి పట్టుకుని మధ్యలో టప్ మని వదిలి గీత వేయడం, సాయంత్రం బ్రష్షులు కిరసనాయిల్లో కడగడం, అంతే. ఆ తర్వాత కర్ర మీద మణికట్టు ఆన్చి గుండ్రాలు కొట్టడం. రోజూ పాత పేపర్ మీద రెండొందలు సున్నాలు. మావయ్య అనేవాడు, "సున్నా వస్తే ఒడియా వచ్చినట్టే, తెలుగు వచ్చినట్టే, మిగతాదంతా దానికి తోకలు తగిలించడమే." నిజమే కదా, తాటాకు మీద గంటంతో అడ్డంగా తిన్నగా గీస్తే ఆకు చీరిపోద్ది, అందుకే రెండు లిపులూ ఇలా గుండ్రంగా తిరిగాయంటారు.

నా గొడవ మొదలైంది 'గ' దగ్గర. తెలుగు గ చూడండి, ఒక కమాను, దాని మీద తలకట్టు. ఒడియా గ కూడా కమానే, కాకపోతే తలకట్టు ఉండదు, కుడిపక్క నిలువు గీత దిగుతుంది. ఇంట్లో అమ్మ పలక మీద దిద్దించింది తెలుగు, అది చేతిలో ఉండిపోయింది. ఒడియా గ రాసి బ్రష్షు ఎత్తేటప్పుడు నాకు తెలీకుండానే పైన చిన్న టిక్కు పడిపోయేది. ఒక్క గ కాదు, ఏ అక్షరమైనా బ్రష్షు లేచే చోట అదే ఎగురు. మా గంజాం జిల్లాలో బోర్డులు రాసేవాడికి గ తో ఇబ్బంది అంటే ఎలా ఉంటుందో ఆలోచించండి, ప్రతి బోర్డు కింద అడ్రసులో గంజాం ఉండాల్సిందే కదా.

గేట్ బజార్లో ఒక బట్టల షాపాయన నేను మూడు రోజులు రాసిన పన్నెండడుగుల బోర్డు చూసి, "భాయి, యే తొ తెలుగు పరి లాగుచి" అన్నాడు, ఇది తెలుగులా ఉందయ్యా అని. డబ్బులు సగమే ఇచ్చాడు. అక్కడికి తెలుగువాళ్ళు మెచ్చుకున్నారా అంటే అదీ లేదు. రైలెక్కితే అరగంటలో ఇచ్ఛాపురం, ఆంధ్రా. అక్కడ ఒక మెడికల్ షాపుకి రాస్తే ఓనరు తల పైకెత్తి, కిందకి దించి, "ఏటి బావూ, తలకట్లన్నీ గొడుగుల్లాగ వంగిపోనాయి, ఇది ఒడియా బోర్డా?" అన్నాడు. ఇంటికొచ్చి మావయ్యకి చెప్తే పగలబడి నవ్వాడు, నాకు మాత్రం రాత్రి అన్నం సయించలేదు.

దాంతో పదేళ్ళు ఆ టిక్కు దాచుకోడానికే పని చేశాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, కానీ అప్పుడు అదే వృత్తి ధర్మం అనుకున్నా. ఫ్లెక్స్ మిషన్లు వచ్చాక ఇంకా సులువైపోయింది. కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నా, తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి ఫాంట్లు. ఇక చెయ్యే అక్కర్లేదు, ఎవడు కొట్టినా అదే గ. మావయ్య కొట్టు మూతపడింది. నేను భువనేశ్వర్ వెళ్ళి ఒక యాడ్ ఆఫీసులో చేరాను, పేరెందుకులెండి. పద్నాలుగు నెలలు చేశాను. ఒకరోజు కాగితం మీద చేత్తో ఏదో గీస్తుంటే పైనున్నాయన చూసి "ఈ పెయింటర్ అలవాట్లు మానుకో" అన్నాడు, మానేశాను. మానేసాక తెలిసింది ఏంటంటే నా సీటులో ఎవర్ని కూర్చోబెట్టినా అదే పని అవుతుంది, నాకంటే తక్కువ జీతానికి అవుతుంది. అలాగే ఇంకొకర్ని కూర్చోబెట్టారు కూడా.

తిరిగొచ్చాక కొన్నాళ్ళు పట్టుచీరల పని. మా ఊరిని సిల్క్ సిటీ అంటారు. బరంపురం పట్టుచీర అంచులో గుడి గోపురాల్లాగా పళ్ళు పళ్ళుగా వస్తుందే, ఫోడా కుంభ అంటారు దాన్ని, దాని డిజైను గ్రాఫ్ పేపర్ మీద గడి గడి నింపాలి. నాకు అక్షరాలు వచ్చు కదా, ఇదెంత అనుకున్నా. నేసే పెద్దాయన నా కాగితం చూసి ఏమీ అనకుండా పెన్సిల్‌తో నాలుగు గళ్ళు కొట్టేశాడు. నా చెయ్యి ఊరికే ఉండక కుంభం కొనకి కూడా ఒక ఎగురు ఇచ్చింది, మగ్గం మీద ఆ నాలుగు గళ్ళు పడితే పోగు నిలవదట. చెయ్యి నాది నా ఇష్టం అంటే మగ్గం వినదు. ఏడాదిన్నర చేసి దండం పెట్టి వచ్చేశా. నీ స్టైల్ నువ్వు వదలకు అని చెప్పేవాళ్ళంతా ఒకసారి మగ్గం గుంటలోకి కాళ్ళు పెట్టి కూర్చోవాలి అనిపిస్తుంది నాకు.

తర్వాత 2013 అక్టోబర్ 12. ఫైలిన్ తుఫాను. గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, అంటే మా నెత్తి మీదే. రాత్రంతా తలుపుకి బీరువా అడ్డంపెట్టి కూర్చున్నాం. తెల్లారి బయటికొస్తే ఊళ్ళో ఒక్క ఫ్లెక్సు లేదు, అన్నీ చిరిగి కరెంటు తీగలకి వేలాడుతున్నాయి. రోజుల తరబడి కరెంటు లేదు, మిషన్లు లేవు, ప్రింటింగ్ లేదు. పాత గోడల మీద మావయ్య రాసిన అక్షరాలు మాత్రం తడిసి ఇంకా నిగనిగలాడుతున్నాయి. కిరాణా షాపువాళ్ళు, టిఫిన్ సెంటర్లవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చారు, "తెరిచాం అని రాసి పెట్టు చాలు". దీపావళి దాకా రోజుకి ఆరు గోడలు రాశాను. అంత తొందరలో టిక్కు దాచుకునే తీరిక ఎక్కడిది, పడింది పడినట్టు వదిలేశా. ఎవడూ ఏమీ అనలేదు.

పులుల సంగతి చెప్పాలి, అసలు నన్ను మార్చింది అవే. బుఢీ ఠాకురాణి యాత్ర రెండేళ్ళకోసారి, దాదాపు నెల రోజులు, అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు లెక్క. ఆ పుట్టింటివాళ్ళు దేరా అనే నేతపనివాళ్ళు, తెలుగు మూలాలున్నవాళ్ళే. మొక్కుకున్నవాళ్ళు వేషాలు కడతారు, అందులో పులి వేషం గొప్పది. రొమ్ము మీద జుట్టు గొరిగించుకుని వస్తారు, రెండు చేతులూ చాపి కర్రల మీద ఆన్చి నిలబడతారు, ముందు ఒళ్ళంతా పసుపు రంగు, అది ఆరాక నల్ల చారలు. నాలుగైదు గంటలు. మనిషి ఊపిరి తీస్తుంటే పొట్ట కదులుద్ది, చార వంకర పోద్ది, గోడలాగ నిలబడదు. అందుకని ఊపిరి వదిలినప్పుడు గీయాలి, పీల్చినప్పుడు బ్రష్షు ఎత్తాలి. ఎత్తినప్పుడల్లా నా చెయ్యి చేసేది చేసింది. ప్రతి చార చివర తలకట్టు!

ఆ సాయంత్రం బడా బజార్లో డప్పుల మధ్యలో మూడు వీధుల పులులు ఎదురుపడ్డాయి, అరుగు మీద కూర్చున్న ఒక ముసలామె నా పులిని చూపించి పక్కామెతో అంది, "ఇది ఆ బోర్డులబ్బాయి పులే, తోక దగ్గర చూడు, అక్షరం రాసినట్టు లేదూ". ఆమె మెచ్చుకుందో వెక్కిరించిందో నాకిప్పటికీ తెలీదు. నేను మాత్రం అక్కడే ఒక సోడా తాగి చాలాసేపు నిలబడ్డాను.

ఇంకోటి, కాస్త పక్కదారి. గుణుపురం వైపు ఒక పనికి వెళ్ళినప్పుడు సవరల లిపి చూశాను, సొరాంగ్ సొంపెంగ్. 1936లో మంగేయ్ గొమాంగో అనే ఆయన తయారుచేశాడు, 24 అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఒక్కో దేవత. అదే ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. అంతకుముందు పర్లాకిమిడిలో మేష్టారుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని దాన్ని తెలుగు అక్షరాల్లో రాశారు. మాట్లాడే తెలుగే రాయండి అని పోట్లాడినాయనా ఆయనే, లేకపోతే నేను ఇక్కడ ఏటి, ఎల్లిపోయింది అని రాస్తే తిట్టుండేవారు మీరు. 2012లో ఆ సవర లిపి యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్లన్నీ అక్షరాల్ని గుర్తుపట్టే పట్టికలోకి కూడా ఎక్కింది. అది విన్న రోజు రాత్రే నేను నా అక్షరాలు స్కాన్ చేయడం మొదలుపెట్టాను.

ఇప్పుడు చేస్తున్న పని అదే. ఒకే చెయ్యి, రెండు లిపులు, ఒక ఫాంట్. గ కి టిక్కు ఉంచేశాను. తెలుగు తలకట్లు గొడుగుల్లాగా వంగే ఉన్నాయి. ఎవరు కొంటారో తెలీదు, మా చెల్లి కూతురు అడిగితే ఫ్రీగా ఇస్తా. వత్తులు ప్రాణం తీస్తున్నాయి. ప్రస్తుతం క్ష దగ్గర ఆగిపోయాను, తెలుగులో మనం క్ష అంటాం, ఒడియాలో అదే అక్షరాన్ని ఖ్య అని చదువుతాం, గీసేటప్పుడు నోట్లో ఏది అనుకుంటే చెయ్యి అటు తిరిగిపోతోంది. నిన్నటికి పదిహేడోసారి చెరిపాను. ఈసారి ఏమీ అనుకోకుండా గీద్దామని కూర్చునేసరికి కరెంటు పోయింది.