కొత్త ఎయిర్ రైఫిల్ తొలి పరిచయం

కర్నూలులో మేము సాధన చేసే రేంజ్‌కు కొత్తగా వచ్చిన పీసీపీ (ముందుగానే గాలిని ఒత్తిడితో నింపి ఉంచే) ఎయిర్ రైఫిల్‌ను ఈ వారం తొలిసారి చేతిలోకి తీసుకున్నాను. తీరిక దొరికినప్పుడే గురిపెట్టే నాలాంటివాడికి అది ఇంతగా నచ్చుతుందని ఊహించలేదు. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ శిబిరంలో పాయింట్ టూ టూ రైఫిల్ పేల్చినప్పుడు ఆ శబ్దానికే మనసు చెదిరేది; ఇందులో బారెల్ కిందనున్న సిలిండరులో సుమారు 200 బార్ల ఒత్తిడితో నింపిన గాలి నుంచి కొద్ది భాగం మాత్రమే విడుదలై, 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్‌ను ముందుకు తోస్తుంది కనుక భుజానికి కుదుపు దాదాపు తెలియదు.

అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది ట్రిగ్గర్. వేలు కొంచెం కదిలి ఒకచోట స్పష్టంగా ఆగుతుంది. అక్కడ ఊపిరి సగం వదిలి, బారెల్ కొసన గురి చూసేందుకు ఉండే సైట్ వలయం మధ్యలో నల్లటి గుండ్రం కుదురుగా నిలిచాక, ఇంకాస్త ఒత్తితే చాలు. పది మీటర్ల దూరంలోని ఆ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే! 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచింది ఈ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ విభాగంలోనే అని తెలుసు గానీ, ఆ ఘనత ఎంతటిదో నాకిప్పుడే అర్థమైంది.

బరువు మాత్రం ఎడమ చేతిని త్వరగానే అలసటకు గురిచేస్తుంది. చెంప ఆనించే చెక్కను మన ముఖానికి తగినట్లు సర్దుకోవడానికి ఓపిక కావాలి. మన రాయలసీమ ఎండల్లో గాలి నింపిన సిలిండరును మూసిన కారులో వదిలేయకూడదని, సీసం తాకిన చేతులను తప్పక కడుక్కోవాలని కొత్తగా నేర్చుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు గట్టిగా చెబుతున్నాను.